రగ్బీ లీగ్‌లో ఎటాకింగ్ సెట్ ప్లేలు: స్క్రమ్ పక్కదారి నుంచి బ్లాక్ ప్లే దాకా

మీరు అడిగినవి రెండు. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లో ఏ జట్టును చూసినా గోల్ లైన్ దగ్గర దాదాపు ఒకే మూవ్ వేస్తున్నట్టు ఎందుకుంటుందన్నది మొదటిది. అదే మూవ్ మీ వీకెండ్ జట్టు వేస్తే బంతి పక్కకు పోతుందే తప్ప ముందుకెందుకు పోదన్నది రెండోది. ముందు చరిత్ర చెప్తాను. అది తెలిస్తే రెండోదానికి సగం జవాబు దొరికినట్టే.

ఒక్క మాట మొదటే పట్టుకోండి. ఏ కాలం సెట్ ప్లే (ముందే అనుకుని వేసే మూవ్) తీసుకున్నా దాని గురి డిఫెన్స్ లైన్‌లో నిలబడ్డ ఒక్క మనిషి మీదే ఉంటుంది. అతను ముందుకొచ్చినా తప్పే, ఆగినా తప్పే, పక్కకు జరిగినా తప్పే అన్నట్టు ఇరికించాలి. నూటపాతికేళ్లలో మారిందల్లా ఆ మనిషి ఎవరు, ఎక్కడ, ఎప్పుడు దొరుకుతాడన్నది. దాన్ని కోచ్‌ల తెలివి కన్నా రూల్స్ ఎక్కువగా మార్చాయి.

1895లో హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు రగ్బీ యూనియన్ నుంచి విడిపోయి నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నాయి, రగ్బీ లీగ్ మొదలైంది అక్కడే. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లకు మ్యాచ్ కోసం పోగొట్టుకున్న కూలి ఇవ్వాలా వద్దా అన్నదే గొడవ. ఇవ్వాలంటే టికెట్ కొని వచ్చే జనం కావాలి, జనం రావాలంటే ఆట పారాలి. అందుకే 1897లో లైనౌట్, అంటే పక్క గీత దాటిన బంతిని మళ్లీ లోపలికి విసిరే పద్ధతి, తీసేశారు. 1906లో జట్టును పదిహేను నుంచి పదమూడుకు తగ్గించి, ప్లే-ద-బాల్ తెచ్చారు. ట్యాకిలైన, అంటే డిఫెండర్లు పట్టి ఆపిన, ఆటగాడు లేచి నిలబడి, బంతిని నేల మీద పెట్టి కాలితో వెనక్కి దొర్లిస్తాడు. వెనకున్న డమ్మీ హాఫ్ తీసుకుంటాడు.

సెట్ ప్లేలకు అసలు పుట్టుక ఇదే. రగ్బీ యూనియన్‌లో, కిందపడ్డ బంతి కోసం రెండు జట్లూ తోసుకునే రక్‌లో, బంతి ఎప్పుడు బయటికొస్తుందో, ఎవరి చేతికొస్తుందో ముందే చెప్పలేం. ప్లే-ద-బాల్‌లో చోటు తెలుసు, వేళ ఇంచుమించు తెలుసు, బంతి ఎవరిదో దాదాపు తెలుసు. కాబట్టి మిగతావాళ్లు బంతి రాకముందే తమ చోట్లలో నిలబడొచ్చు, పరుగు ఎప్పుడు మొదలెట్టాలో అనుకోవచ్చు.

దీన్ని ముందుగా పద్ధతిగా వాడుకున్నవాళ్లలో హరాల్డ్ వాగ్‌స్టాఫ్ కెప్టెన్‌గా ఉన్న హడర్స్‌ఫీల్డ్ జట్టును చెప్పుకోవాలి. 1914-15లో ఆ జట్టు నాలుగు కప్పులూ గెలిచింది. అంచున ఆడే దాని వింగర్ ఆల్బర్ట్ రోజెన్‌ఫెల్డ్ 1913-14 సీజన్‌లో 80 ట్రైలు (గోల్ లైన్ దాటి బంతిని నేలకు తాకించడం) కొట్టాడు, ఆ రికార్డు ఇప్పటికీ నిలిచే ఉంది. బంతి లేని ఆటగాణ్ణి డిఫెండర్ దారికి అడ్డంగా నడిపించే వాళ్ల ఆటకు సైంటిఫిక్ అబ్‌స్ట్రక్షన్ అని పేరు పడింది. ఈ రోజు వీడియో రిఫరీ నిమిషాల తరబడి వెనక్కీ ముందుకీ తిప్పి చూసే గొడవకు మూలం అక్కడే ఉంది.

ఆ తర్వాత అరవై ఏళ్లు ట్యాకిళ్లకు లెక్కే లేదు. బంతి జారవిడవనంత వరకు ఎంతసేపైనా ఉంచుకోవచ్చు. గుంపుగా గుద్దుకుంటూ పోతే సరిపోయేచోట ప్లే-ద-బాల్ నుంచి మూవ్ వేయాల్సిన అవసరం తక్కువ. అందుకే ఆ కాలపు మూవ్‌లు ఎక్కువగా స్క్రమ్ నుంచి వచ్చాయి. ఆట మళ్లీ మొదలెట్టడానికి రెండు జట్లూ తలలు కలిపి నెట్టుకునే స్క్రమ్‌లో రెండు వైపులా ఆరేసి మంది ఫార్వర్డ్‌లు ఇరుక్కుపోతారు. మైదానం వెడల్పు అలాగే ఉంటుంది, బయట మిగిలేది ఏడుగురికి ఏడుగురు. పక్కన ఇరుకుగా ఉన్న బ్లైండ్ సైడ్‌కి స్క్రమ్ హాఫ్ (స్క్రమ్ నుంచి బంతి తీసేవాడు) దూరి, స్క్రమ్ చివర ఉండే లూజ్ ఫార్వర్డ్ తోడొస్తే, అక్కడ ఎదుటి జట్టు వింగర్ ఒక్కడే ఇద్దరికి చిక్కుతాడు.

రన్-అరౌండ్, సిజర్స్ బాగా పండింది కూడా ఈ కాలంలోనే. రన్-అరౌండ్‌లో పాస్ ఇచ్చినవాడు ఆగకుండా, తీసుకున్నవాడి వెనక నుంచి చుట్టి వచ్చి బంతి మళ్లీ అందుకుంటాడు. అప్పట్లో డిఫెండర్లు మనిషికి మనిషి లెక్కన కాపు కాసేవాళ్లు. పాస్ ఇచ్చేశాడు కదా అని తన మనిషిని వదిలేసిన డిఫెండర్‌కి, అదే మనిషి ఒక అడుగు బయట అదనపు ఆటగాడై ప్రత్యక్షమవుతాడు. సిజర్స్ దీనికి తిరగేసిన రూపం. డిఫెన్స్ మొత్తం పక్కకు జరుగుతున్నప్పుడు బంతిని వాళ్ల వెనక భుజం వైపు తిప్పుతారు. ఈ రెండూ నేటికీ పనికొస్తాయి, ముఖ్యంగా మీలాంటి జట్లకి.

సిడ్నీలో సెయింట్ జార్జ్ 1956 నుంచి 1966 దాకా వరసగా పదకొండు టైటిళ్లు గెలిచింది. బంతి పట్టుకున్న జట్టు వదలదు, ఎదుటి జట్టు చూస్తూ ఉండాలి. ఈ ఇబ్బంది తీర్చడానికి 1966లో ఇంగ్లండ్‌లో, మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో నాలుగు ట్యాకిళ్ల రూలు వచ్చింది. నాలుగు మరీ తక్కువైంది. కట్టుదిట్టంగా ఏదైనా అల్లేలోపు లెక్క అయిపోయేది, దాంతో అందరూ డ్రాప్ గోల్ (బంతిని నేల మీద పడేసి, ఎగిసేటప్పుడు పోస్టుల మధ్య నుంచి తన్నడం, దీన్నే ఫీల్డ్ గోల్ అనీ అంటారు) మీద పడ్డారు. అప్పట్లో దానికి రెండు పాయింట్లు. 1970 గ్రాండ్ ఫైనల్లో సౌత్ సిడ్నీ 23-12తో మ్యాన్లీని ఓడించినప్పుడు ఎరిక్ సిమ్స్ ఒక్కడే నాలుగు డ్రాప్ గోల్స్ కొట్టాడు. 1971లో ఆస్ట్రేలియా దాన్ని ఒక పాయింటుకు తగ్గించి, ట్యాకిళ్లను ఆరుకు పెంచింది. ఆధునిక సెట్ ప్లేకి నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఈ ఆరు అంకె.

ఎందుకంటే ఆరు ట్యాకిళ్లుంటే వరస అల్లొచ్చు. మొదటి రెండు మూడు ట్యాకిళ్లు గజాల కోసం. తర్వాతి ట్యాకిల్ చోటు కోసం: బంతిని కావాలనే ఒక పక్కకు, టచ్‌లైన్‌కి పదిహేను ఇరవై మీటర్ల దూరానికి తీసుకెళ్లి అక్కడ ట్యాకిలవుతారు. ఆ తర్వాతి ట్యాకిల్‌కి వెడల్పు వైపు మూవ్. అది ఫలించకపోతే చివరిదానికి కిక్. అంటే మూవ్ వేసే ట్యాకిల్ కన్నా దానికి ముందు ట్యాకిల్ ముఖ్యం. టీవీలో ప్రాప్ ఫార్వర్డ్ తల దించుకుని మూలకు దూసుకెళ్లి పడిపోతే, ఇతనెందుకు పాస్ ఇవ్వలేదని చాలామంది విసుక్కుంటారు. అతను చేసింది సెట్ ప్లేలో మొదటి అడుగు.

చివరి ట్యాకిల్ కిక్ కూడా సెట్ ప్లేనే. 1970ల నడిమిలో జాన్ పియర్డ్ ఆకాశంలోకి నిలువుగా కొట్టే కిక్‌ను ఆయుధం చేశాడు, దానికి బాంబ్ అని పేరొచ్చింది, ఆయన బాంబర్ అయ్యాడు. ఆ కిక్ ఎంత ఇబ్బంది పెట్టిందంటే, గోల్ లైన్ వెనకున్న తన ఇన్-గోల్‌లో బంతిని నేల తాకకుండా పట్టిన డిఫెండర్‌కు 20 మీటర్ల ట్యాప్, అంటే 20 మీటర్ల గీత దగ్గర బంతిని కాలితో తాకించి ఆట మొదలెట్టే అవకాశం, ఇచ్చేలా తర్వాత రూలు మార్చాల్సి వచ్చింది.

అదే కాలంలో పెనాల్టీ ట్యాప్ మూవ్‌లు బాగా నడిచాయి. వాల్ అనేది వాటిలో పేరున్నది. నలుగురైదుగురు ఎదుటి జట్టుకు వీపు చూపిస్తూ గోడలా నిలబడతారు. ట్యాప్ చేసినవాడు వాళ్లలో ఒకడికి ఇస్తాడు. అందరూ ఒకేసారి తలోవైపు తిరిగి పరిగెడతారు, బంతి ఎవరి దగ్గరుందో తెలియదు. చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఇప్పుడు పెద్ద స్థాయిలో కనిపించడం అరుదు. వీపు తిప్పి నిలబడ్డవాడికి పరుగు వేగం సున్నా. బంతి లేనివాళ్లు డిఫెండర్లను ఎక్కడ ముట్టుకున్నా అబ్‌స్ట్రక్షనే. పైగా 1983లో ఆరో ట్యాకిల్ తర్వాత స్క్రమ్ బదులు బంతిని నేరుగా అప్పగించే పద్ధతి వచ్చాక, ఒక చిట్కా కోసం బంతి పోగొట్టుకోవడం ఎవరికీ గిట్టుబాటు కాలేదు. బంతిని దాచే మూవ్‌ల కాలం అక్కడికి దాదాపు ముగిసింది.

పారమట్టా 1981, 82, 83లో వరసగా గెలిచింది. కోచ్ జాక్ గిబ్సన్ అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి ట్యాకిళ్లు లెక్కపెట్టడం, ఫిల్మ్ చూసి విడదీయడం వంటివి తెచ్చాడు. ఆ మూడు ఫైనళ్లలోనూ బ్రెట్ కెన్నీ రెండేసి ట్రైలు కొట్టాడు, పీటర్ స్టెర్లింగ్ ఆట నడిపించాడు. దానికి జవాబు డిఫెన్స్ వైపు నుంచి వచ్చింది. వారెన్ ర్యాన్ కోచింగ్‌లో కాంటర్‌బరీ 1984 ఫైనల్‌ను 6-4తో, 1985 ఫైనల్‌ను 7-6తో గెలిచింది. ఆ స్కోర్లే చెబుతాయి, అప్పటి అయిదు మీటర్ల రూలులో గట్టి లైన్‌ను పగలగొట్టడం ఎంత కష్టమో. డిఫెన్స్ అయిదు మీటర్లే వెనక్కి తగ్గితే, ఫస్ట్ రిసీవర్ (డమ్మీ హాఫ్ నుంచి మొదటి పాస్ అందుకునేవాడు) బంతి పట్టేసరికి మీదికి వచ్చేస్తారు. రెండో పాస్‌కే ఊపిరాడదు, మూడో పాస్ మాట దేవుడెరుగు.

1990ల మొదట్లో ఆ దూరం పది మీటర్లు అయింది. ఒక పాస్‌కు సరిపడా సమయం అదనంగా దొరికింది. ఆ అదనపు పాస్‌లోంచే మీరు ప్రతి మ్యాచ్‌లో చూసే బ్లాక్ ప్లే ఎదిగింది. ఇక దీన్ని విడమరుస్తాను.

మైదానం వెడల్పు 68 మీటర్లు. పదమూడు మంది డిఫెండర్లలో ఇద్దరు మార్కర్లు ప్లే-ద-బాల్ ఎదురుగా ఉంటారు, ఫుల్‌బ్యాక్ వెనక ఉంటాడు. లైన్‌లో మిగిలింది పదిమంది. సమానంగా పంచితే మనిషికి సుమారు ఏడు మీటర్లు. కానీ ప్లే-ద-బాల్ చుట్టూ దట్టంగా నిలబడక తప్పదు, కాబట్టి చివర్లో సందులు అంతకన్నా పెద్దవి. టచ్‌లైన్ వైపు నుంచి లోపలికి లెక్కపెట్టండి: వింగర్ ఒకటి, సెంటర్ రెండు, సెకండ్ రోవర్ మూడు, హాఫ్ నాలుగు. బ్లాక్ ప్లే గురి మూడో మనిషి మీద.

ఎటాక్ వైపు ఆట నడిపే హాఫ్‌బ్యాక్ బంతి పట్టుకుని నాలుగో మనిషి మీదికి నిటారుగా వెళ్తాడు. అతని బయటి పక్కన సెకండ్ రోవర్, అంటే లీడ్ రన్నర్, మూడో మనిషికీ నాలుగో మనిషికీ మధ్య సందులోకి లోపలి వాలుగా పరిగెడతాడు. లీడ్ రన్నర్ వీపు వెనక నుంచి ఫుల్‌బ్యాక్ చుట్టుకుంటూ బయటికి వస్తాడు. ఇంకా బయట సెంటర్, వింగర్ వెడల్పుగా నిలబడి ఉంటారు. ఇప్పుడు మూడో మనిషి లీడ్ రన్నర్‌ను పట్టుకుందామని ఆగితే బంతి వెనక నుంచి ఫుల్‌బ్యాక్‌కి పోతుంది, అక్కడ ముగ్గురికి ఇద్దరే డిఫెండర్లు. బయటికి జరిగితే పొట్టి పాస్ లీడ్ రన్నర్‌కి, తెరిచిన తలుపులోంచి. నాలుగో మనిషి లీడ్ రన్నర్‌కు సాయం పోతే హాఫ్‌బ్యాక్ బంతి ఇవ్వకుండా తనే దూరతాడు. రెండు, ఒకటి నంబర్లవాళ్లు కంగారుగా లోపలికి కొట్టుకొస్తే వాళ్ల వెనక ఖాళీలోకి కిక్.

అన్ని జట్లూ ఒకటే వేస్తున్నట్టు కనిపించేది ఇందుకే. మంచి లెగ్ స్పిన్నర్ లెగ్ బ్రేక్‌నూ గూగ్లీనూ ఒకే యాక్షన్‌తో వేసినట్టు, ఇక్కడ చివరి అడుగు దాకా నాలుగు దారులకూ రూపం ఒకటే ఉండాలి. రూపం మారితే డిఫెండర్ ముందే పసిగడతాడు. కోచ్ క్రెయిగ్ బెలమీ నడిపిన మెల్‌బోర్న్ స్టార్మ్‌లో కామెరాన్ స్మిత్, కూపర్ క్రాంక్, బిల్లీ స్లేటర్ దీన్ని అందరికన్నా ఖచ్చితంగా చేశారు. ఫుల్‌బ్యాక్ స్లేటర్ దాదాపు ప్రతి సెట్‌లోనూ, అంటే ప్రతి ఆరు ట్యాకిళ్ల వరసలోనూ, ఆ చుట్టుపరుగు పరిగెత్తేవాడు, చాలాసార్లు బంతి రాదని తెలిసినా. పదోసారి వచ్చే బంతికి విలువ ముందు తొమ్మిది ఖాళీ పరుగుల వల్ల వస్తుంది. 2023 గ్రాండ్ ఫైనల్లో పెన్‌రిత్ 8-24 వెనకబడి కూడా బ్రిస్బేన్‌ను 26-24తో ఓడించింది. ఆ గెలుపు ట్రై నేథన్ క్లియరీ తనే బంతి పట్టుకుని దూరిందే.

మ్యాచ్‌లో ఆటగాళ్లను ఎన్నిసార్లు మార్చుకోవచ్చో చెప్పే ఇంటర్‌చేంజ్ రూలు కూడా తోడ్పడింది. ఎన్‌ఆర్‌ఎల్‌లో అవి 2001లో పన్నెండు, 2008లో పది, 2016లో ఎనిమిది అయ్యాయి. 2020లో ప్లే-ద-బాల్ దగ్గర తప్పులకు పెనాల్టీ బదులు సిక్స్ అగైన్, అంటే ట్యాకిళ్ల లెక్కను మళ్లీ మొదటి నుంచి మొదలెట్టడం, వచ్చింది. అలసిన మనిషి అడుగు ఆలస్యంగా తీసుకుంటాడు, ఈ మూవ్‌కు కావాల్సింది ఆ ఒక్క అడుగే.

ఇక మీ జట్టు సంగతి. బంతి పక్కకే పోతోందన్నారు కాబట్టి, నూటికి తొంభై పాళ్లు మీ హాఫ్‌బ్యాక్ పక్కవాలుగా పరిగెడుతూ పాస్ ఇస్తున్నాడు. అతని భుజాలు టచ్‌లైన్ వైపు తిరిగాయంటే నాలుగో మనిషికి భయం లేదు, హాయిగా పక్కకు జరుగుతాడు, అతనితో మూడో మనిషి, రెండో మనిషీ జరుగుతారు. మీరు అయిదుగురూ టచ్‌లైన్ దగ్గర గుమిగూడతారు. ముందు సరిచేయాల్సింది ఇది: హాఫ్‌బ్యాక్ పట్టిన తర్వాత రెండు మూడు అడుగులైనా గోల్ పోస్టుల వైపు నేరుగా వేయాలి, డిఫెండర్‌కు రెండు మూడు మీటర్ల దూరంలో పాస్ వదలాలి. దెబ్బ తగులుతుంది. తగలకపోతే పాస్ తొందరగా ఇచ్చినట్టే.

రెండో లోపం లీడ్ రన్నర్ వేళ. ముందుగా వస్తే డిఫెన్స్ లైన్‌లో ఆగిపోయి నిలబడతాడు, అక్కడ ఎవరు తగిలినా పెనాల్టీ. ఆలస్యంగా వస్తే మూడో మనిషి అతన్ని లెక్కచేయడు. హాఫ్‌బ్యాక్ బంతి అందుకున్న క్షణం అతను వేగం పెంచాలి, అంతకు ముందు కాదు. చేతులు పైకెత్తి, నిజంగా బంతి అడుగుతూ రావాలి. ఉత్తుత్తి పరుగని కళ్లలోనే తెలిసిపోతుంది. మీ జట్టులో పొట్టి పాస్ ఎప్పుడూ ఇవ్వకపోతే లీడ్ రన్నర్ మూడో మ్యాచ్‌కల్లా నమ్మకం పోగొట్టుకుని జాగింగ్ మొదలెడతాడు. అందుకే మొదటి పది నిమిషాల్లోనే ఒకసారి అతనికి ఇవ్వండి, గజం రాకపోయినా సరే.

మూడోది ఫుల్‌బ్యాక్ లోతు. లీడ్ రన్నర్‌కు మరీ దగ్గరగా, సమాంతరంగా వస్తే బంతిని అతని వీపు వెనక, లోపలి వైపు పట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు లీడ్ రన్నర్ తెరలా మారి, అబ్‌స్ట్రక్షన్ అవుతుంది. హాఫ్‌బ్యాక్ కన్నా నాలుగైదు మీటర్లు వెనక నుంచి మొదలై, లీడ్ రన్నర్ బయటి భుజం దాటాకే బంతి అందుకోవాలి. పట్టగానే అతను కూడా పక్కకు పోకూడదు. నిటారుగా తిరిగి రెండో మనిషిని ఆపాలి, అప్పుడే సెంటర్‌కూ వింగర్‌కూ చోటు మిగులుతుంది. చాలా జట్లలో మూవ్ ఇక్కడి దాకా చక్కగా వచ్చి, ఫుల్‌బ్యాక్ ఉత్సాహంతో బయటికి పరిగెత్తడం వల్ల చచ్చిపోతుంది.

సాధన ఇలా చేయండి. ముప్పై మీటర్ల వెడల్పులో కోన్లు పెట్టి, అయిదుగురు ఎటాక్, నలుగురు డిఫెన్స్. మొదట నడుస్తూ, తర్వాత సగం వేగం, ఆఖరున పూర్తి వేగం. ప్రతిసారీ మూడో మనిషికి మాత్రం చెవిలో చెప్పండి: ఆగు, జరుగు, లేదా మీదికి రా. హాఫ్‌బ్యాక్‌కు తెలియకూడదు. అతను మూడో మనిషి తుంటి ఎటు తిరిగిందో చూసి ఇవ్వాలి. కళ్లు, చేతులు మోసం చేస్తాయి, తుంటి చేయదు. పాస్ ఎక్కడికి అని కోచ్ ముందే అరిచి చెప్పే సాధన వల్ల ఒక్క పాస్ మాత్రమే వచ్చే హాఫ్‌బ్యాక్ తయారవుతాడు. అలాగే ప్లే-ద-బాల్ వేగం గమనించండి. ట్యాకిలైనవాడు మూడు సెకన్ల లోపు లేచి ఆడితే డిఫెన్స్ ఇంకా వెనక్కి నడుస్తూ ఉంటుంది. నాలుగు దాటితే అందరూ వరసకట్టి మీ కోసం ఎదురుచూస్తారు. అప్పుడు మూవ్ మానేసి ఇంకో హిటప్, అంటే ఒక్కడే డిఫెన్స్ మీదికి నేరుగా దూసుకెళ్లే పరుగు, తీసుకోవడమే మేలు.

చివరికి అన్నీ కంఠస్థం చేసినా కళ్లు పక్కకు చూడాలి. 1997 గ్రాండ్ ఫైనల్ చివరి క్షణాలు చూడండి. న్యూకాసిల్, మ్యాన్లీ 16-16. అందరూ ఫీల్డ్ గోల్ కోసం మధ్యకు చేరారు. ఆండ్రూ జాన్స్ డమ్మీ హాఫ్ నుంచి బ్లైండ్ సైడ్‌కి దూరి, లోపలి వైపు వచ్చిన డారెన్ ఆల్బర్ట్‌కు పాస్ ఇచ్చాడు. ట్రై, చివరి స్కోరు 22-16. పాత స్క్రమ్ కాలపు బ్లైండ్ సైడ్ ఆలోచనే ఇది, ప్లే-ద-బాల్ నుంచి. మీ డమ్మీ హాఫ్‌కు ఒక్క పని అప్పగించండి: బంతి తీసే ముందు ఇరుకు వైపు డిఫెండర్లను లెక్కపెట్టడం. మీవాళ్లు ఒక్కరు ఎక్కువున్నా వెడల్పు వైపు మూవ్ పక్కన పెట్టి అటే వెళ్లాలి.

ఒక చిన్న సంగతి మిగిలింది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి తమ ఎడమ వైపుకు ఇచ్చే పాస్ పొడవుగా, సూటిగా పోతుంది. మీ హాఫ్‌బ్యాక్ అలాంటివాడైతే బ్లాక్ ప్లే మొదట ఎడమ అంచున నేర్పండి, దానికి ముందు ట్యాకిల్‌ను మైదానం కుడి వైపున పడేలా చూసుకోండి. కుడి అంచున ఈ సీజన్‌కి రన్-అరౌండ్ చాలు. దానికి పొడవు పాస్ అక్కర్లేదు.